జ్వరం మాట మన భాషలో చెప్పుకుందాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతీ యువకులనుద్దేశించి చేసిన ఆన్‌లైన్ ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 అనగానే మనకు డోలు, తుడుం, నెమలి ఈకల టోపీ, గుస్సాడి ఆట గుర్తొస్తాయి. అవి ఉండాల్సిందే. కానీ ఈ పండుగ ఏ కాలంలో వస్తుందో ఒక్కసారి ఆలోచించండి. నడి వానాకాలం. వాగులు పొంగే కాలం. ఏజెన్సీలో జ్వరాలు, విరేచనాలు మొదలయ్యే కాలం. మనం వేదిక మీద మన భాషలో పాట పాడుతున్న సమయానికే ఏదో ఒక గూడెంలో ఒక తల్లి, ఒళ్లు కాలుతున్న బిడ్డను పట్టుకుని, అర్థం కాని భాషలో రాసిన మందు చీటీ చూస్తూ ఉంటుంది. అందుకే ఈ రోజు నేను భాష గురించే మాట్లాడతాను, కానీ పాటల భాష గురించి కాదు. జ్వరం, నీళ్లు, దోమ, మాత్ర, దగ్గు గురించి మన వాళ్లకు మన మాటల్లో ఎలా చెప్పాలన్నదే నా విషయం.

2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల అంతర్జాతీయ దశాబ్దమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మంచిదే. కానీ భాష బతకడమంటే నిఘంటువులో బతకడం ఒక్కటే కాదు. కడుపు నొప్పి ఎక్కడుందో ఆసుపత్రిలో చెప్పుకోవడానికి పనికొచ్చినప్పుడే అది బతికున్న భాష.

ముందు మన భాషల లెక్క చూద్దాం. గోండి, కోయ, కోలామి, కువి, కొండ భాషలు ద్రావిడ కుటుంబానివి. సవర భాష ముండా కుటుంబానిది, దానికీ తెలుగుకూ చుట్టరికం లేదు. లంబాడీ, ఆదివాసీ ఒడియా భాషలు మరో కుటుంబానివి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు సుమారు 29 లక్షల మంది. కోయ, సవర భాషలు ఒక్కొక్కటి సుమారు 4 లక్షల మందివి. ఇంత మంది ఉన్నా ఆరోగ్య శాఖ గోడ పత్రిక మన ఊరికి వచ్చేసరికి తెలుగులోనే ఉంటుంది. సరిహద్దు దాటితే మరాఠీలో, హిందీలో, ఒడియాలో ఉంటుంది. ఒకే గోండి కుటుంబం మూడు రాష్ట్రాల్లో మూడు భాషల పోస్టర్లు చూస్తుంది. తన భాషలో మాత్రం ఒక్కటీ చూడదు.

"ఇప్పుడు అందరికీ తెలుగు వస్తుంది కదా" అని కొందరంటారు. సంతలో బేరమాడే తెలుగు వేరు, వైద్యం తెలుగు వేరు. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. తెలుగులో "ఏరు" అంటే వాగు, నది. ఆదిలాబాద్ గోండిలో "ఏర్" అంటే నీళ్లు. కోయలోనూ కొండ భాషలోనూ "ఏరు" అంటే నీళ్లే. కోలామిలో "ఈర్" అంటే నీళ్లు. ఇవన్నీ వినడానికి దగ్గరగా ఉండే మాటలు, కానీ అర్థం ఒకటి కాదు. ఇప్పుడు "ఏరు కలుషితం, తాగవద్దు" అని తెలుగులో బోర్డు పెట్టారనుకోండి. తెలుగు బాగా రాని కోయ అవ్వకు అది ఎలా వినిపిస్తుంది? నీళ్లే తాగొద్దన్నట్టు. విరేచనాలైన బిడ్డకు నీళ్లు ఆపేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. వినడానికి మన మాటలాగే ఉండి అర్థం వేరైన మాట, అసలు తెలియని మాట కంటే ప్రమాదం. తెలియని మాటకైతే మనిషి అర్థం అడుగుతాడు. తెలిసిందనుకున్న మాటకు ఎవరూ అడగరు.

ఈ పని మనతోనే మొదలు కాలేదు. గిడుగు రామమూర్తి గారి పేరు మీరు వాడుక తెలుగు ఉద్యమంలో విని ఉంటారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్న ఆయన సవరల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ఆ కొండల్లో తిరిగినందుకు ఆయనకు మన్యం జ్వరం వచ్చిందని, క్వినైన్ వాడకంతో చెవుడు వచ్చిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఇటు ఆదిలాబాద్‌లో, కుమ్రం భీం అమరుడైన తర్వాత వచ్చిన హైమండార్ఫ్ దంపతుల కాలంలో, 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. తర్వాత 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కోలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వేశారు. అంటే బడి కోసం మన భాషల్లో పుస్తకం సాధ్యమని రుజువైపోయింది. ఆసుపత్రి కోసం ఎందుకు సాధ్యం కాదు?

ఇక ఎలా చేయాలన్న సంగతికి వస్తాను. పోస్టర్‌ను తెలుగు నుంచి గోండిలోకి మాట మాటగా మార్చేస్తే పని అయిపోదు. మలేరియానే తీసుకోండి. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. నూట ఇరవై ఏళ్లు దాటిపోయింది. అయినా ఆ సంగతి అన్ని గూడేలకూ పూర్తిగా చేరలేదంటే లోపం సైన్సులో లేదు. చెప్పే పద్ధతిలో ఉంది.

"సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు దోమతెర వాడండి" అని రాస్తారు. మన అవ్వ గడియారం చూసి బతకదు. "పశువులు మందకు చేరే వేళ నుంచి కోడి కూసి తెల్లారే దాకా" అంటే ఆమెకు ఇట్టే తెలుస్తుంది. మలేరియా దోమ కుట్టేది ఎక్కువగా ఆ వేళల్లోనే. కానీ ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. పొడు చేనులో మంచె మీద కావలి పడుకునే వాడి సంగతేంటి? ఇంట్లో మంచం మీద తెర కట్టిన బొమ్మ అతనికి ఏ పాఠమూ చెప్పదు. మంచె మీద తెర కట్టుకున్న బొమ్మ గీయాలి. అది గీయగలిగింది మీరే. పట్నంలో కూర్చున్న ఆర్టిస్టుకు మంచె గుర్తుకు రాదు.

ఇళ్లలో మందు పిచికారీ చేస్తారు. ఆ మందు గోడ మీద ఉండి, గోడ మీద వాలిన దోమను చంపుతుంది. అందుకే రెండున్నర, మూడు నెలలు గోడకు మట్టి అలకకూడదు, సున్నం వేయకూడదు. కానీ పండుగ వస్తోందంటే మన ఇళ్లలో గోడలు అలుకుతారు. అది మన అందం, మన ఆచారం. "అలకడం మానండి" అంటే ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. "పండుగకు ముందే అలుక్కోండి, ఆ తర్వాత పిచికారీ చేయించుకోండి" అని చెప్పాలి. దానికి మన పండుగల తేదీలు పిచికారీ జట్టుకు ముందే తెలియాలి. చూశారా, ఇది ఒకవైపు నుంచి మాత్రమే జరిగే అనువాదం కాదు. వాళ్ల సంగతి మనకు తెలిసినట్టే మన సంగతి వాళ్లకూ తెలియాలి.

దోమతెర విషయమూ అంతే. మందు కలిపిన తెర సుమారు మూడేళ్లు, ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది. ఎండలో ఆరేస్తే మందు పాడవుతుంది, నీడలో ఆరేయాలి. వాగులో ఉతికినా, దాంతో చేపలు పట్టినా ఆ మందు చేపలకు విషం. "ఉతకండి" అనే ఒక్క మాట చాలదు. ఎక్కడ, ఎన్నిసార్లు, ఎక్కడ ఆరేయాలి అన్న మూడూ చెప్పాలి.

మందుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మలేరియాలో రకాలున్నాయి. ఒక రకానికి ప్రధాన చికిత్స మూడు రోజులది. ఇంకో రకానికి, కాలేయంలో దాగిన క్రిమి మళ్లీ లేవకుండా, పద్నాలుగు రోజుల మాత్రలు కూడా ఇస్తారు. గర్భిణులకు, పసిపిల్లలకు ఆ మాత్రలు ఇవ్వరు. కాబట్టి మందు మోతాదు మనం సొంతంగా ఆడియోలో చెప్పకూడదు. చెప్పాల్సింది ఇది: "జ్వరం వచ్చిన ఆ రోజే, తప్పితే మర్నాడే, రక్తపరీక్ష చేయించుకో. ఎన్ని రోజుల మాత్రలు ఇస్తే అన్ని రోజులూ మింగు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకు." మూడో రోజుకే ఒళ్లు చల్లబడితే మిగిలిన మాత్రలు చూరులో దాచి, రేపు ఇంకొకరికి జ్వరం వస్తే ఇవ్వడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అది పిసినారితనం కాదు, మందు దొరకని కాలం నేర్పిన అలవాటు. దాన్ని తిట్టకుండా, ఎందుకు వద్దో చెప్పాలి.

నీళ్ల విరేచనాల సంగతికి వస్తే, చెప్పే విధానంలో ప్రపంచానికే పాఠం మన పక్కనున్న బంగ్లాదేశ్‌లో ఉంది. బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్ల పాటు ఇల్లిల్లూ తిరిగి, కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకు ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు చేయడం నేర్పింది. వాళ్లు గ్రాముల లెక్క చెప్పలేదు. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, ఇంట్లో ఉన్న పాత్రలో గుర్తు పెట్టిన నీళ్లు. చదువురాని తల్లి కూడా చేతితో కొలిచే పద్ధతి. అంతకంటే ముఖ్యమైనది జీతం సంగతి. కార్యకర్తకు ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్కన డబ్బులివ్వలేదు. కొన్నాళ్లకు వేరేవాళ్లు వెళ్లి తల్లిని అడిగేవారు. ఆమెకు ఎంత గుర్తుంది, ఎంత సరిగ్గా కలుపుతోంది అన్నదాన్ని బట్టి జీతం. మన దగ్గర మాత్రం "5000 కరపత్రాలు పంచాం" అని రిపోర్టు రాస్తే పని అయిపోయినట్టే. ఎంతమందికి అర్థమైందో రాసే గడి ఆ రిపోర్టులో ఉండదు.

మన దగ్గర ఇప్పుడు ఓఆర్ఎస్ పొట్లం ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు మంచినీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేసుకుంటే లెక్క తప్పుతుంది. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు సమంగా కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. పిల్లలకు దానితోపాటు జింకు మాత్రలు పద్నాలుగు రోజులు. లీటరు అంటే ఎంతో మన అవ్వకు చూపించాలంటే కొలపాత్ర అక్కర్లేదు, సంతలో దొరికే లీటరు నీళ్ల సీసా చాలు. బొమ్మలో ఆ సీసానే వేయండి.

క్రిమి అనే మాట దగ్గర చాలామంది తడబడతారు. "కంటికి కనబడని పురుగు" అని చెబుతారు. పిల్లవాడు చెలమలోకి తొంగి చూస్తాడు, పురుగు లేదు, తాగేస్తాడు. అందుకని మాటతో ఆపకుండా చేసి చూపండి. గ్లాసు నీళ్లలో ఉప్పు కలిపి ఇవ్వండి. కంటికి కనబడదు, నాలుకకు తెలుస్తుంది. కనబడనిది లేనట్టు కాదని వాడికే తెలిసిపోతుంది. చేతులకు పసుపు రాసుకుని నలుగురితో చేయి కలపండి. పసుపు ఎవరెవరి చేతికి, ఏ చెంబుకు, ఏ రొట్టెకు అంటిందో చూపండి. దీనికి కరెంటు అక్కర్లేదు, ప్రొజెక్టర్ అక్కర్లేదు.

బొమ్మలు అందరికీ ఒకేలా అర్థమవుతాయనుకోవద్దు. గోడంత దోమ బొమ్మ వేస్తే, "మా ఊళ్లో ఇంత పెద్దవి లేవు" అని నవ్వుకుని వెళ్లిపోతారు. ఎర్ర ఇంటూ గుర్తు అంటే "వద్దు" అని బడికి పోయినవాళ్లకే తెలుసు. మూడు బొమ్మలు వరుసగా వేస్తే ఎడమ నుంచి కుడికి చూడాలన్నదీ బడి నేర్పిన అలవాటే. కాబట్టి ఒక కార్డుకు ఒకే బొమ్మ, ఒకే మాట.

భయపెట్టే మాటలు కూడా వద్దు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు మొదట్లో "ఈ జబ్బుకు మందు లేదు, చంపేస్తుంది" అన్న సందేశాలు ఊరూరా వెళ్లాయి. జనం ఏమనుకున్నారు? మందే లేనప్పుడు ఆసుపత్రికి ఎందుకని రోగులను ఇంట్లోనే దాచుకున్నారు. జబ్బు ఇంకా పాకింది. ఆ వ్యాధికి పదకొండు వేల మందికి పైగా బలయ్యారు. అక్కడ కూడా మార్పు వచ్చింది ఊరి పెద్దలను, మత పెద్దలను కలుపుకుని, వాళ్ల భాషల్లో, వాళ్ల అంత్యక్రియల పద్ధతిని గౌరవిస్తూ మాట్లాడాకే.

మనకూ ఇదే వర్తిస్తుంది. జ్వరమొస్తే దేవారి దగ్గరకు వెళ్తారని మనవాళ్లను ఎగతాళి చేసే పోస్టర్లు మనకొద్దు. దేవారినే, పట్లానే, రాయిసెంటర్ సార్మేడినే ముందు కూర్చోబెట్టి చెప్పండి. "ముందు రక్తపరీక్ష చేయించుకురా, పూజ తర్వాత చేద్దాం" అని ఆయన నోటి నుంచి వస్తే వంద పోస్టర్ల పెట్టు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఎన్నో గూడేల వాళ్లు తమంతట తామే దారికి అడ్డంగా కర్రలు కట్టి ఊరిని కాపాడుకున్నారు. పొలిమేర కాపాడుకోవడం మనకు ఎవరో నేర్పిన విద్య కాదు. ఊరి కాపలా దేవుడు ఆకిపేన్‌ను కొలిచే వాళ్లం. దూరం పాటించడమంటే ఏమిటో మనకు తెలుసు, దాన్ని చెప్పే మాటలు కూడా మన దగ్గరే ఉన్నాయి. అయితే దేవుడి పేరును, పూజ పాటను ప్రచారానికి వాడుకునే ముందు పెద్దలను అడగండి. వద్దంటే వద్దు.

ఏ లిపిలో రాయాలన్న ప్రశ్న మీలో చాలామందికి ఉంది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మన ఊరి చేతిరాత ప్రపంచ కంప్యూటర్లలోకి వెళ్లింది, అది మనకు గర్వం. శీర్షిక ఆ లిపిలో పెట్టండి. కానీ కింద అసలు మాట, ఆశా కార్యకర్త ఈ రోజు గట్టిగా చదివి వినిపించగల లిపిలో ఉండాలి. మన దగ్గర అది తెలుగు లిపి. మాట గోండి, అక్షరం తెలుగు. అన్నిటికంటే ముందు గొంతు. చదువురాని వాళ్లకు చెవే పుస్తకం. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అనే వేదిక 2010 నుంచి మామూలు ఫోన్ మీద గోండిలో వార్తలు చెప్పుకునే, వినే దారి చూపింది. సిగ్నల్ లేని ఊళ్లో మెమరీ కార్డు, బ్లూటూత్ ఉన్నాయి. సంత ఉంది. దండారి జట్టు ఉంది.

మరి ఈ వానాకాలం మీరు చేయగలిగింది ఏమిటి? ఒక ఊరికి ఒక చిన్న జట్టు చాలు. భాష బాగా తెలిసిన ఒక పెద్దమనిషి, ఒక ఆశా కార్యకర్త, ఫోన్ వాడే ఇద్దరు మీలాంటివాళ్లు. ఐదే విషయాలు తీసుకోండి: జ్వరమైతే రక్తపరీక్ష, దోమతెర, విరేచనాలైతే ఓఆర్ఎస్, మసిలించి చల్లార్చిన నీళ్లు, రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష. ఒక్కో విషయానికి ఒక నిమిషం ఆడియో. తెలుగులో ఉన్నదాన్ని అనువదించకండి. విషయం తెలుసుకుని, పుస్తకం మూసేసి, అవ్వకు చెబుతున్నట్టు చెప్పండి. దాన్ని ఇంకొకరు విని మళ్లీ తెలుగులో చెప్పాలి. ఆ తెలుగును పీహెచ్‌సీ డాక్టరు గాని ఏఎన్ఎం గాని చూసి సరేనంటేనే బయటికి వదలాలి. ఫోన్‌లో యాప్ చేసిన అనువాదాన్ని ఎవరూ చూడకుండా పంపొద్దు.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఊళ్లో ఐదుగురికి వినిపించండి: ఒక అవ్వ, ఒక బాలింత, ఒక పొడు రైతు, ఒక బడిపిల్ల, దేవారి. "అర్థమైందా?" అని అడగకండి. అందరూ ఊఁ అంటారు. "ఇప్పుడు నీ పక్కింటామెకు ఎలా చెప్తావు, చెప్పు" అని అడగండి. ఆమె ఎక్కడ తడబడితే అక్కడ మన మాట మార్చాలి. ఉట్నూరు గోండి సిరొంచ వైపు గోండిలా ఉండదు, ఈ ఒడ్డు కోయ ఆ ఒడ్డు కోయలా ఉండదు. ఒక ఊళ్లో నెగ్గిన ఆడియోను పక్క మండలంలో మళ్లీ పరీక్షించండి. ప్రతి ఆడియో మొదట్లో నెల, సంవత్సరం చెప్పండి. మందులు మారతాయి, సలహాలు మారతాయి, పాతది తీసేయాలి.

ఇంకొక పని ఉంది, అది ఆసుపత్రి వైపు పని. బదిలీ మీద కొత్తగా వచ్చే డాక్టరుకు, నర్సుకు మన భాష రాదు. వాళ్ల కోసం ఒక చీటీ తయారు చేయండి. జ్వరం ఎన్ని రోజుల నుంచి? చలి వస్తోందా? వాంతులయ్యాయా? మూత్రం వస్తోందా? బిడ్డ పాలు తాగుతోందా? నెల తప్పిందా? ఇలాంటి ముప్పై ప్రశ్నలు మన భాషలో, తెలుగు అక్షరాల్లో. దాన్ని వార్డు గోడకు అంటించమనండి. పలకడం రాకపోతే వచ్చి నేర్పుతామనండి. మన భాష నోరు తిరగక నవ్వులపాలయ్యే డాక్టరును కూడా మన అవ్వ నమ్ముతుంది.

చివరగా ఒక్క హెచ్చరిక. "చేతులు కడుక్కోండి" అని ఎంత చక్కటి గోండిలో చెప్పినా బోరింగు చెడిపోయిన ఊళ్లో అది వట్టి మాట. "వెంటనే ఆసుపత్రికి వెళ్లండి" అన్నా వాగు మీద వంతెన లేని ఊరికి అది కోత కోసినట్టు ఉంటుంది. ఆరోగ్య విద్య పేరుతో తప్పంతా మన అలవాట్ల మీదికి తోసేయడాన్ని ఒప్పుకోకండి. ఊళ్లో ఆడియో వినిపించిన రోజే ఊరు ఏమి అడిగిందో కూడా రికార్డు చేయండి. బోరు బాగు చేయాలా, తెరలు తక్కువొచ్చాయా, రక్తపరీక్ష కిట్లు అయిపోయాయా? దాన్ని తెలుగులో రాసి పంచాయతీకి, ఐటీడీఏకు ఇవ్వండి. రెండు భాషలూ వచ్చిన మీరు కాకపోతే ఆ కాగితం ఎవరు రాస్తారు?

చదువుకున్నందుకు ఊరికి ఏం చేయాలని మీలో చాలామంది అడుగుతుంటారు. ఈ వారం సంత రోజుకు ఒక్క ఆడియో తయారు చేయండి. ఒక్క అవ్వకు వినిపించి, ఆమె నోటితో మళ్లీ చెప్పించుకోండి. వచ్చే ఏడాది ఇదే రోజున మనం కలిసినప్పుడు, పాటలతో పాటు ఆ ఆడియోలూ ఈ వేదిక మీద వినిపిద్దాం.